పొదుపు సంఘం ఎక్కడ తెగుతుంది, మళ్లీ ఎలా అతుకుతుంది

పది మంది మహిళలున్న ఒక పొదుపు సంఘం బ్యాంకు నుంచి పది లక్షల అప్పు తీసుకుందనుకుందాం. తలా లక్ష పంచుకున్నారు. ఒక్కొక్కరు నెలకు మూడు వేలకు పైగా కిస్తీ కట్టాలి. ఎనిమిది నెలలు సాఫీగా సాగింది. తొమ్మిదో నెలలో ఒకామె, "అక్కా, ఈసారికి నావల్ల కాదు, ఆయనకు ఆపరేషన్ అయింది" అని కబురు పంపింది. మిగతా వాళ్లు తలా కొంత వేసి సర్దారు. తర్వాతి నెల ఇంకొకామె ఏ కారణమూ చెప్పకుండా మీటింగ్ ఎగ్గొట్టింది. ఆ పై నెల, ఎన్నడూ వాయిదా తప్పని ఒకామె లేచి, "వాళ్లు కట్టనప్పుడు నేనే ఎందుకు కట్టాలి?" అని అడిగింది.

సంఘం తెగేది ఆ మూడో మాట దగ్గర. ఆపరేషన్ వల్ల తప్పిన కిస్తీతో సంఘం పడిపోదు. చెప్పకుండా ఎగ్గొట్టిన కిస్తీతో కూడా వెంటనే పడిపోదు. సక్రమంగా కట్టే మనిషికి తాను మోసపోతున్నానన్న అనుమానం వచ్చిన రోజున పడిపోతుంది. బ్యాంకు దృష్టిలో ఆ అప్పు సంఘానిదే గాని మనుషులది కాదు. ఏడుగురు కట్టి ముగ్గురు ఆపితే ఖాతా మొత్తం బాకీలోనే కనిపిస్తుంది. కిస్తీ గడువు దాటి 90 రోజులైతే మొండి బాకీ కింద రాసేస్తారు, కొత్త అప్పు ఆగిపోతుంది. కట్టిన ఏడుగురికీ కట్టని ముగ్గురికీ అక్కడ తేడా ఉండదు. అందుకే మంచివాళ్లు కూడా చేయి వెనక్కి తీసుకుంటారు.

ఇలాంటి సంఘాన్ని చూసి ఎక్కువ మంది చెప్పే కారణం ఒకటే: వాళ్లలో ఐకమత్యం లేదు. దానికి చేసే వైద్యం కూడా ఒకటే. ఒక అధికారి వచ్చి కట్టెల మోపు కథ చెబుతారు, అందరూ తలలూపుతారు, ఫోటో దిగుతారు. నెల తిరిగేసరికి పరిస్థితి మామూలే. ఈ నిర్ధారణ తప్పని తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కర్లేదు. అదే పది మంది ఆడవాళ్లు వానాకాలంలో ముఠా కట్టి, గుత్తకు ఎకరాలకు ఎకరాలు నాట్లు వేస్తారు. ఎవరూ వాళ్లకు టీమ్‌వర్క్ గురించి శిక్షణ ఇవ్వలేదు. వరుసలో ఎవరు వెనకబడ్డారో పక్కనున్న మనిషికి కంటి ముందే కనిపిస్తుంది. వెనకబడిన మనిషి ముసలిదా, జ్వరంతో వచ్చిందా, కావాలని నెమ్మదిగా చేస్తోందా అన్నది కూడా అందరికీ తెలుసు. మొదటి ఇద్దరి వరుసలోకి పక్కవాళ్లు చేయి సాయం చేస్తారు, మూడో మనిషిని మాటతో కదిలిస్తారు. సాయంత్రానికి కూలి లెక్క అందరి ముందే పంచుకుంటారు.

మనుషులు మారలేదు. పొలంలో పని అందరికీ కనిపిస్తోంది, పొదుపు సంఘంలో లెక్క కనిపించడం లేదు. తేడా అంతే. కలిసి పనిచేయలేకపోతున్న గుంపును చూసినప్పుడు వాళ్ల మనసుల్లో ఏముందని వెతికే ముందు, ఎవరు ఎంత చేశారో వాళ్లకు ఒకరిది ఒకరికి కనిపిస్తోందా అని చూడాలి.

ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మాన్ తాడు లాగే పనిని కొలిచి 1913లో ప్రచురించిన ఫలితాలు ఈ విషయానికి దగ్గరగా ఉంటాయి. తాడు పట్టుకునే మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరు సగటున వేసే బలం తగ్గుతూ వచ్చింది. కొంత నష్టం అందరూ ఒకేసారి లాగలేకపోవడం వల్ల, కొంత ఎవరి కష్టం ఎంతో విడిగా తెలియకపోవడం వల్ల. ఒక్కొక్కరి వాటా విడిగా కొలుస్తున్నారని తెలిస్తే ఈ బద్ధకం బాగా తగ్గుతుందని తర్వాతి కాలంలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. నాట్ల ముఠాకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు.

తెలుగు నేల మీద పొదుపు సంఘాలు బలపడిన తీరు చూస్తే ఇదే సూత్రం మొదట్లో ఎంత గట్టిగా పనిచేసిందో తెలుస్తుంది. గ్రామీణ మహిళల కోసం కేంద్రం డ్వాక్రా పథకాన్ని 1982లో తెచ్చింది. జనం నేటికీ సంఘాలను ఆ పేరుతోనే పిలుస్తారు. కానీ ఊపు వచ్చింది పదేళ్ల తర్వాత, నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమంతో. అక్షరాస్యత తరగతుల్లో రాత్రిపూట కలుసుకున్న ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ వంటి వాళ్లు ముందు నిలబడగా, 1992లో సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాక నెల్లూరు జిల్లాలో 'పొదుపు లక్ష్మి' పేరుతో రోజుకు రూపాయి దాచే సంఘాలు పుట్టాయి. నెలకు మనిషికి 30 రూపాయలు. పది మందికి 300.

ఈ 300 చిన్న మొత్తమే. కానీ అందులో ప్రతి రూపాయీ ఆ గదిలో కూర్చున్న ఎవరో ఒకరిది, ఇంట్లో ఏదో ఒకటి మానుకుని తెచ్చినది. ఒకామె బిడ్డ వైద్యానికి 200 అప్పు అడిగితే, ఇవ్వాలా వద్దా అని మిగతా వాళ్లు నిజంగా ఆలోచించేవాళ్లు. ఎందుకంటే పోతే పోయేది వాళ్ల డబ్బే. అప్పు తీసుకున్న మనిషికీ అదే భయం, అదే గౌరవం. పైగా వీళ్లు డబ్బు కోసం కలిసినవాళ్లు కాదు. సారా దుకాణం ముందు కలిసి నిలబడి గెలిచినవాళ్లు. ఒకరి మాట ఒకరికి ఎంత గట్టిదో అప్పటికే తెలిసినవాళ్లు. ఆ పూర్వ పరిచయం లేకుండా, లక్ష్యం కోసం ఒకే రోజున జాబితా రాసి ఏర్పాటు చేసిన సంఘాలు తర్వాతి రోజుల్లో ఎందుకు త్వరగా చెదిరాయో దీన్నిబట్టే అర్థమవుతుంది.

1992లోనే వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు అయిన నాబార్డ్ దేశవ్యాప్తంగా 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, ఏర్పడింది. అది నడిపిన వెలుగు ప్రాజెక్టు మొదట ఆరు జిల్లాల్లో వచ్చి తర్వాత మిగతా జిల్లాలకు విస్తరించింది. సంఘాలు గ్రామైక్య సంఘాలుగా, అవి మండల సమాఖ్యలుగా, ఆపై జిల్లా సమాఖ్యలుగా పేర్చుకున్నాయి. ఈ క్రమంలో సంఘం బాగుందో లేదో చూసేందుకు నిలిచిన కొలమానం పంచసూత్రాలు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలైనప్పుడు దేశమంతా ఇవే తీసుకున్నారు.

ఈ ఐదింటినీ సమానంగా చూడటం పొరపాటు. పొదుపు, అప్పు, చెల్లింపు మూడూ డబ్బు కదలికలు. వాటిని నిలబెట్టేవి సమావేశం, పుస్తకం. ఈ రెండూ బాగున్న సంఘంలో డబ్బు కదలిక ఒక నెల తడబడినా మళ్లీ దారిలో పడుతుంది. ఈ రెండూ పాడైన సంఘంలో డబ్బు బాగా తిరుగుతున్నట్టు కనిపించినా లోపల పుచ్చిపోతూ ఉంటుంది.

పుస్తకం అంటే రాసి బీరువాలో పెట్టేది కాదు. మీటింగ్‌లో పేరు పేరునా చదివి వినిపించేది. "లక్ష్మమ్మ పొదుపు వంద, అప్పు కిస్తీ మూడు వేలు, ఇంకా మిగిలింది అరవై రెండు వేలు" అని అందరి చెవిన పడినప్పుడు చదువురాని సభ్యురాలికి కూడా తన లెక్క, పక్కామె లెక్క గుర్తుండిపోతాయి. పల్లెటూరి ఆడవాళ్లకు లెక్కలు నోటికి ఉంటాయి. చిట్టీలు, చేబదుళ్లు కాగితం లేకుండానే ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. వాళ్లకు అందనిది లెక్క కాదు, పుస్తకంలో ఉన్న అక్షరం. గొంతెత్తి చదవడం మానేసిన రోజున ఆ లెక్క రాసే మనిషి సొంత ఆస్తి అయిపోతుంది. గుండ్రంగా కూర్చోవాలనే నియమం వెనక కూడా ఇదే ఉంది. వరుసల్లో కూర్చుంటే ముందున్న లీడర్ మాట్లాడుతుంది, వెనకున్నవాళ్లు వింటారు. గుండ్రంగా కూర్చుంటే డబ్బు లెక్కించే చేతులు అందరికీ కనిపిస్తాయి.

మరి ఇంత తెలిసీ ఎందుకు మానేస్తారు? పని రోజులు పెరిగి తీరిక తగ్గడం ఒక కారణం. ఉపాధి హామీ పని, కూలి, ఇంటి పని ముగిశాక రాత్రి ఎనిమిదింటికి గంటసేపు కూర్చోవడం తేలిక కాదు. మెల్లగా, లీడర్ ఇంటికి వెళ్లి డబ్బు ఇచ్చి వచ్చేయడం అలవాటవుతుంది. ఊళ్లోని చాలా సంఘాల పుస్తకాలు ఒక్క వీఓఏ (గ్రామైక్య సంఘం తరఫున లెక్కలు రాసే సహాయకురాలు) మీదే పడతాయి కాబట్టి, తనిఖీ వస్తుందని తెలిసినప్పుడు మూడు నెలల తీర్మానాలు ఒకే రోజున రాయడం, సంతకాలు తర్వాత తీసుకోవడం జరుగుతుంది. పుస్తకం చక్కగా ఉంటుంది, మీటింగ్ మాత్రం జరగలేదు. పై అధికారికి ఈ రెంటి మధ్య తేడా కాగితం మీద కనిపించదు. అందుకే మంచి గ్రేడు వచ్చిన సంఘం ఏడాది తిరిగేలోపు కూలిపోవడం ఆశ్చర్యం కలిగించనక్కర్లేదు.

లీడర్ల విషయం ఇంకా చిక్కుది. ప్రతి సంఘానికీ ఇద్దరు లీడర్లు ఉంటారు, బ్యాంకులో సంతకాలు వాళ్లవే. కొన్నేళ్లకోసారి లీడర్లను మార్చుకోవాలని నియమం చెబుతుంది. చాలా చోట్ల పాత లీడర్లే కొనసాగుతారు. దీన్ని పదవీ వ్యామోహంగా మాత్రమే చూడటం అన్యాయం. బ్యాంకుకు వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది, మేనేజర్ ముందు నిలబడి మాట్లాడాలి. ఆ భారం మోయడానికి మిగతా ఎనిమిది మంది ముందుకు రారు. ఇద్దరే మోస్తారు, మోసిన కొద్దీ వాళ్లకే పని తెలుస్తుంది, తెలిసిన కొద్దీ వాళ్లు లేకుండా పని జరగదు. కొన్నాళ్లకు కష్టపడుతున్నందుకు తమకు ఎక్కువ అప్పు దక్కడం న్యాయమేనని వాళ్లకు అనిపిస్తుంది. ఇంకొకరి పేరు మీద అప్పు తీసి వాడుకునే బినామీ వ్యవహారం ఇలాగే, చాలాసార్లు దురుద్దేశం లేకుండానే మొదలవుతుంది. లీడర్‌ను మార్చండి అని తీర్మానం చేయిస్తే ఇది పోదు. పనిని ముక్కలు చేయాలి. బ్యాంకుకు వెళ్లేటప్పుడు ప్రతిసారీ లీడర్‌తో పాటు వేరే సభ్యురాలు ఒకామె వెళ్లాలి, ఆ రోజు ఛార్జీలు, కూలి నష్టం సంఘం డబ్బుతో భరించాలి. ఏడాదిలో సంఘం మొత్తం బ్యాంకు గడప తొక్కేసరికి, లీడర్ మారడం పెద్ద విషయం కాకుండా పోతుంది.

బయటి డబ్బు వచ్చినప్పుడు ఏం జరుగుతుందన్నది ఈ సంఘాలు నేర్పిన అన్నింటికన్నా బాధాకరమైన పాఠం. 2010 నాటికి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో సూక్ష్మరుణ సంస్థలు పెద్ద ఎత్తున అప్పులిచ్చాయి. వాళ్లవీ గుంపు అప్పులే. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలన్న షరతే. బయటికి పొదుపు సంఘంలాగే కనిపించినా లోపల అంతా తలకిందులు. అక్కడ సొంత పొదుపు లేదు, ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలో సభ్యులు తేల్చేది లేదు, వడ్డీ తిరిగి తమ మధ్యకు వచ్చేది లేదు. గుంపుకు మిగిలింది ఒక్క పనే, వసూలు. వారం వారం ఏజెంటు వచ్చి కూర్చుంటే, కట్టలేని మనిషి ఇంటి ముందు పక్కింటివాళ్లే గొడవ పడాల్సి వచ్చింది. ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఈ సంస్థల వసూళ్లకు పగ్గాలు వేసింది, వారం వాయిదాలకు బదులు నెల వాయిదాలు అంది. నిర్ణయించే హక్కు ఇవ్వకుండా బాధ్యత మాత్రం గుంపు మీద పెడితే, స్నేహితులు కాపలాదారులవుతారు. ఆఫీసుల్లో, కాలేజీ ప్రాజెక్టుల్లో టార్గెట్ టీమ్‌కు, నిర్ణయం బాస్‌కు అన్న పద్ధతి ఉన్నచోట మనుషులు ఒకరినొకరు నిందించుకోవడానికి మూలం కూడా ఇదే.

మంచి ఉద్దేశంతో వచ్చిన డబ్బు కూడా పుస్తకాన్ని దెబ్బతీయగలదు. 2014 ఎన్నికల సమయంలో డ్వాక్రా రుణమాఫీ మాట వినిపించగానే ఆంధ్రప్రదేశ్‌లో చాలా సంఘాలు కిస్తీలు ఆపాయి. మాఫీ వస్తుందో రాదో తెలియనప్పుడు కట్టిన మనిషి తెలివితక్కువది, ఆపిన మనిషి తెలివైనది అయిపోతుంది. పేద కుటుంబాల మీద అప్పు భారం దించడం అవసరమే. కానీ సంఘం నడిచేదే 'అందరూ కడుతున్నారు కాబట్టి నేనూ కడతాను' అన్న నమ్మకం మీద. ఆ నమ్మకం ఒకసారి పోతే డబ్బు తర్వాత వచ్చినా అది వెంటనే తిరిగి రాదు.

చెదిరిన సంఘాన్ని తిరిగి నిలబెట్టడంలో అనుభవం ఉన్నవాళ్లు చేసే పనికి ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే మేలు కన్నా కీడే ఎక్కువ. ముందుగా మాటలు కాదు, లెక్క. బ్యాంకు స్టేట్‌మెంట్, సంఘం పుస్తకం, సభ్యుల దగ్గరున్న పాస్‌పుస్తకాలు మూడూ పక్కపక్కన పెట్టి సరిచూస్తారు. సగం గొడవలు ఇక్కడే తీరిపోతాయి, ఎందుకంటే సగం అనుమానాలు తప్పు లెక్క మీద పుట్టినవే. మిగతా సగం ఇక్కడే బయటపడతాయి. లెక్క తేలకుండా అందరినీ కూర్చోబెట్టి మనసు విప్పి మాట్లాడమంటే పాత కక్షలు పైకి వస్తాయి తప్ప బాకీ తేలదు.

తర్వాత, కట్టలేనివాళ్లను, కట్టని వాళ్లను వేరు చేయడం. ఇది బయటి అధికారి వల్ల అయ్యే పని కాదు. ఎవరి ఇంట్లో నిజంగా పొయ్యి వెలగడం లేదో, ఎవరు కొత్త ఫోను కొన్నారో వీధిలో వాళ్లకే తెలుసు. కట్టలేనామెకు గడువు పెంచి కిస్తీ తగ్గిస్తారు. కట్టనామెకు మొదట చిన్న జరిమానా, తర్వాత కొత్త అప్పు నిలిపివేత, ఆఖరున గ్రామైక్య సంఘం ముందు పంచాయితీ. ఉమ్మడి నీరు, అడవి, చేపల వేటను జనం ఎలా కాపాడుకుంటారో జీవితమంతా పరిశోధించి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, ఎక్కువ కాలం నిలిచిన గుంపుల్లో ఈ మెట్లు మెట్లుగా పెరిగే శిక్షను గమనించారు. తొలి తప్పుకే వెలివేసే గుంపు భయంతో విడిపోతుంది, ఎప్పటికీ ఏమీ అనని గుంపు విసుగుతో విడిపోతుంది.

ఆ తర్వాత మూడు నాలుగు నెలలు కొత్త అప్పు ఊసు ఎత్తరు. చిన్న పొదుపు, చిన్న అప్పు, సమయానికి మీటింగ్, అంతే. పెద్ద అప్పు ఆశ చూపించి సంఘాన్ని మళ్లీ కలిపితే, ఆ అప్పు చేతికి అందేదాకే ఆ కలయిక. ఇప్పుడు సంఘాలకు పూచీ లేకుండా ఇచ్చే అప్పు పరిమితి 20 లక్షల దాకా పెరిగింది. సంఘాన్ని తొందరగా ఆ మెట్టు ఎక్కించాలన్న ఒత్తిడి కింది సిబ్బంది మీద ఉంటుంది. ఆ ఒత్తిడిని నాలుగు నెలలు ఆపగలిగిన ఏపీఎం, సీసీ (మండలంలో సంఘాలను చూసుకునే సిబ్బంది) ఉన్న మండలం అదృష్టం చేసుకున్నట్టే.

ఈ పని చేయడానికి ఎవరు వస్తారన్నది కూడా ముఖ్యమే. ఉమ్మడి రాష్ట్రంలో సెర్ప్ ఎంచుకున్న దారి ఎంతో విలువైనది. బాగా నడిచిన సంఘాల్లోని సభ్యులనే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా తీర్చిదిద్ది పక్క ఊళ్లకు పంపింది. ఆ తర్వాత తెలుగు మహిళలు బిహార్ వంటి రాష్ట్రాలకు వెళ్లి, భాష పూర్తిగా రాకపోయినా ఊళ్లలోనే ఉండి సంఘాలు కట్టించారు. "నేనూ మీలాగే కూలికి వెళ్లేదాన్ని, మా సంఘం కూడా ఒకసారి విరిగిపోయింది" అని చెప్పగలిగే మనిషి ముందు ఎదుటివాళ్లు తమ లోపం ఒప్పుకోగలరు. తనిఖీకి వచ్చిన మనిషి ముందు అదే లోపాన్ని దాచుకుంటారు.

డబ్బు లావాదేవీ దాటి, రోజంతా కలిసి పని చేయాల్సి వచ్చినప్పుడు ఈ సూత్రాలు ఎలా ఉంటాయో చూడాలంటే తెలంగాణలో యాసంగి కోతల సమయంలో మహిళా సంఘాలు నడిపే ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లాలి. కల్లంలో కుప్పలు, మబ్బు పట్టిన ఆకాశం, గోనె సంచుల కొరత, లారీ రాలేదని రైతుల కోపం. తేమ 17 శాతం లోపు ఉంటేనే కొనాలి. తేమ చూడటం, సీరియల్ ప్రకారం పిలవడం, సంచులు ఇవ్వడం, 40 కిలోల తూకం, ట్రక్ షీట్, రైతు ఖాతా వివరాల నమోదు. ఒక్కొక్కటీ వేరే పని, ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి. సతమతమయ్యే కేంద్రాల్లో ఒకరిద్దరే అన్నీ మీదేసుకుంటారు, మిగతావాళ్లు ఏం చేయాలో తెలియక పక్కన నిలబడతారు, వాళ్లు పని ఎగ్గొడుతున్నారని ఆ ఇద్దరూ మండిపడతారు. సవ్యంగా నడిచేచోట సీరియల్ జాబితా గోడకు అంటించి ఉంటుంది, తేమ మీటరు అంకెను రైతుకే చూపిస్తారు, ఏ రోజు ఎవరిది ఏ పనో ముందు రోజు రాత్రే చెప్పుకుంటారు, కమీషన్ డబ్బు హాజరు ప్రకారం పంచుతారు. అప్పుడు సీరియల్ తప్పించమని ఊరి పెద్ద వచ్చి అడిగినా, "గోడ మీద ఉంది చూడన్నా" అని ఒక మామూలు సభ్యురాలు కూడా ధైర్యంగా అనగలుగుతుంది. ఆమెకు ఆ ధైర్యం ఇచ్చింది ఆ కాగితం ముక్క.

ఇప్పుడు సంఘాల లెక్కలు ట్యాబుల్లోకి, ఫోన్ యాప్‌లలోకి మారుతున్నాయి. తప్పుడు నమోదులు పట్టుకోవడానికి, బ్యాంకుతో సరిచూడటానికి ఇది నిజంగా పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. కిస్తీ జమ అయిన మెసేజ్ లీడర్ ఫోన్‌కు వస్తోంది, నివేదిక మండల ఆఫీసుకు పోతోంది, గుండ్రంగా కూర్చున్న పది మందికి మాత్రం ఏమీ వినపడటం లేదు. యాప్‌లో నమోదు పూర్తి కాగానే ఆ తెరను చూసి పేరు పేరునా పైకి చదవాలి. పది పేర్లు చదవడానికి ఐదు నిమిషాలు చాలు.